కార్టియే నియోజకవర్గం: గూఢచారి కథ కింద పూడిపోయిన అరవై ఏళ్లు

(మాంట్రియల్‌లో తెలుగు కుటుంబాలు కలుసుకున్న ఒక ఆదివారం చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి వినిపిస్తోందా అండీ? వినిపిస్తోందా? సరే.

ముందు ఒక ప్రశ్న. ఎండాకాలం ఆదివారాలు పార్క్ అవెన్యూ పక్కన, కొండ మొదట్లో డప్పులు వాయిస్తారు కదా, టామ్‌టామ్స్ అంటారు, పిల్లల్ని తీసుకుని అక్కడికి ఎంతమంది వెళ్లారు? చూడండి, దాదాపు అన్ని చేతులూ లేచాయి. ఆ డప్పులన్నీ ఒక పెద్ద స్మారకం చుట్టూ మోగుతాయి. పైన రెక్కలు విప్పిన దేవత ఉంటుంది. ఆ స్మారకం ఎవరిదో చదివినవాళ్లు చేతులెత్తండి. ఇద్దరు. ఇద్దరే!

ఆయన పేరు జార్జ్-ఎటియెన్ కార్టియే. 1867లో కెనడా ఒక దేశంగా ఏర్పడినప్పుడు మనముంటున్న ఈ కెబెక్ రాష్ట్రాన్ని అందులోకి తెచ్చిన నాయకుడు. ఈరోజు నేను ఆయన గురించి మాట్లాడటం లేదు. ఆయన పేరు పెట్టుకున్న ఒక పార్లమెంటు నియోజకవర్గం గురించి మాట్లాడతాను. అది ఇప్పుడు లేదు. 1925 ఎన్నికల్లో మొదటిసారి ఓటేసింది, 1968 ఎన్నికల నాటికి పటంలోంచి పోయింది. అంతకుముందు కొన్నేళ్లు ఆయన పూర్తి పేరుతోనే, జార్జ్-ఎటియెన్ కార్టియే అనే ఉండేది. ఇక్కడ నియోజకవర్గాన్ని రైడింగ్ అంటారు, మీకు తెలుసు. నేను మన మాటే వాడతాను.

పోయిన నియోజకవర్గం గురించి ఇప్పుడెందుకమ్మా అని మొన్న ఫోనులో ఒకాయన అడిగారు. ఇక్కడే ఉన్నారు, పేరు చెప్పను. ఇందులో వరంగల్ వైపు వాళ్లెవరైనా ఉన్నారా? ఉన్నారు. అయితే మీకు అర్థమవుతుంది. మన హన్మకొండ లోక్‌సభ నియోజకవర్గం ఏమైంది? 1977లో, 1980లో పి.వి. నరసింహారావు గారిని గెలిపించింది. 1984లో అదే పి.వి. గారిని ఓడించి చందుపట్ల జంగారెడ్డి గారిని పంపింది. అప్పుడు దేశం మొత్తంలో బీజేపీకి వచ్చినవి రెండు సీట్లు, అందులో అదొకటి. అంత కథ ఉన్న సీటు 2009 ఎన్నికలకి లేకుండా పోయింది. ఊరుంది, జనం ఉన్నారు, సీటు లేదు. సీటు పోతే దాని కథ చెప్పేవాళ్లు కూడా తగ్గిపోతారు. కార్టియేకి అదే జరిగింది. ఒక్క కథ మాత్రం మిగిలింది, గూఢచారి కథ. కార్టియే అని ఎక్కడ చదివినా ముందు ఆ ఒక్క మనిషే వస్తాడు. ఆయన గురించీ చెప్తాను. కానీ ఆయనకి ముందు, ఆయన తర్వాత, ఆ సీటులో గెలిచినవాళ్లు ఒక పని పట్టుకుని అరవై ఏళ్లు లాగారు. నేను ఈరోజు వచ్చింది అది చెప్పడానికి.

ఆ నియోజకవర్గం ఎక్కడుండేది? సెయింట్-లారెంట్ వీధి మీకు తెలుసు. ఈ ఊరివాళ్లు మెయిన్ అంటారు. ఆ వీధి, దానికి పక్కన సెయింట్-అర్బేన్, చుట్టూ సందులు, స్థూలంగా అదీ చోటు. ఇప్పుడు అక్కడ కాఫీ హోటళ్లు, గోడల మీద బొమ్మలు. అప్పుడు బట్టల ఫ్యాక్టరీలు. తూర్పు ఐరోపా నుంచి, రష్యా సామ్రాజ్యం నుంచి, పోలండ్ నుంచి, రుమేనియా నుంచి యూదులు ఓడ దిగి నేరుగా అక్కడికే వచ్చేవారు. ఊచకోతల నుంచి పారిపోయి వచ్చినవాళ్లు చాలామంది. 1931 జనాభా లెక్కల నాటికి ఈ నగరంలో దాదాపు 58 వేల మంది యూదులున్నారు. ఫ్రెంచి, ఇంగ్లీషు తర్వాత ఈ ఊళ్లో మూడో భాష ఏది? యిద్దిష్. యిద్దిష్‌లో దినపత్రిక, యిద్దిష్‌లో నాటకాలు, యిద్దిష్‌లో ఎన్నికల ప్రసంగాలు. అలాగని వాళ్లొక్కరే ఉన్నారనుకోకండి. ఫ్రెంచి కెనడియన్లు కూడా అదే నియోజకవర్గంలో పెద్ద సంఖ్యలో ఉండేవారు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత పని ఉంది.

నేను ఈ ఊరికి వచ్చిన కొత్తలో షబానెల్ వీధిలో ఒక బట్టల ఫ్యాక్టరీలో ఒక చలికాలమంతా బొత్తాలు కుట్టాను. సెయింట్-లారెంట్ మీద ఉన్న బట్టల పనే తర్వాత ఉత్తరంగా షబానెల్‌కి జరిగింది. నా పక్క మిషన్ మీద ఒక గ్రీకు ముసలమ్మ ఉండేది. ఆమెకి పని నేర్పింది ఒక యూదు ముసలమ్మ. ఆ చెయ్యి పట్టుకునే నేను కార్టియే దాకా వెళ్లాను. పుస్తకాలు చదివింది ఆ తర్వాతే.

ఇక అసలు సంగతి. 1910 మార్చి. కెబెక్ సిటీలో ప్లామోండన్ అనే నోటరీ ఒక చర్చి హాల్లో యూదుల మీద ప్రసంగం చేశాడు. యూదులు క్రైస్తవ పిల్లల్ని చంపుతారు, మోసగాళ్లు, దేశానికి ప్రమాదం, ఇవీ ఆయన మాటలు. తర్వాత ఏం జరిగింది? ఆ ఊళ్లో ఉన్న కొద్దిపాటి యూదు వ్యాపారుల మీద పడ్డారు, రాళ్లు విసిరారు. ఆ వ్యాపారుల్లో ఇద్దరు కోర్టుకి వెళ్లారు. వాళ్ల తరఫున నిలబడ్డ వకీలు మాంట్రియల్ నుంచి వెళ్లాడు. పేరు శామ్యూల్ జేకబ్స్. ఆ పేరు ఇక్కడ ఆపుకోండి.

కేసులో చిక్కేమిటి? నా పేరు పెట్టి తిడితే నేను పరువునష్టం వేయొచ్చు. మొత్తం ఒక జాతిని తిడితే ఎవరు వెయ్యాలి? చట్టం అంటుంది, నీ పేరు అనలేదు కదా, నీకేం నష్టం? కింది కోర్టు కేసు కొట్టేసింది. జేకబ్స్ అప్పీలుకి వెళ్లాడు. 1914 చివర్లో అప్పీలు కోర్టు యూదుల వైపు తీర్పిచ్చింది. ఎందుకంటే ఆ ఊళ్లో యూదు కుటుంబాలు చాలా తక్కువ, ఎవరిని అన్నాడో అందరికీ తెలుసు అని. గెలిచారు. కానీ ఆ గెలుపులోనే ఒక లోటుంది, చూశారా? ఊళ్లో మనం కొద్దిమందే ఉంటే రక్షణ ఉంది. వేలమంది ఉంటే? మాంట్రియల్‌లో ఉన్నట్టు వేలమంది ఉంటే? అప్పుడు లేదు!

ఆ జేకబ్స్ 1917లో లిబరల్ పార్టీ తరఫున ఎంపీగా గెలిచాడు. ఎక్కడి నుంచి? అప్పటి జార్జ్-ఎటియెన్ కార్టియే నుంచి. కెబెక్ నుంచి ఫెడరల్ పార్లమెంటుకు వెళ్లిన మొదటి యూదు ఎంపీ ఆయనే. 1938లో చనిపోయేదాకా ఆ సీటు ఆయనదే. ఇరవయ్యొక్క ఏళ్లు.

ఆయన చివరి ఏళ్లు తల్చుకుంటే నాకు బాధేస్తుంది. 1933లో హిట్లర్ వచ్చాడు. జర్మనీ నుంచి యూదులు పారిపోతున్నారు. కెనడా తలుపు తియ్యాలి. పార్లమెంటులో అప్పుడు ముగ్గురే యూదు ఎంపీలు: కార్టియే నుంచి జేకబ్స్, విన్నిపెగ్ నుంచి ఒకరు, టొరంటో నుంచి ఒకరు. జేకబ్స్ ప్రధాని మెకంజీ కింగ్ పార్టీ మనిషే. సొంత పార్టీ ప్రధాని. అడిగాడు, బతిమాలాడు. 1938లో ఆస్ట్రియాని హిట్లర్ మింగేసిన తర్వాత కూడా అడిగారు. తలుపు తెరవలేదు. 1933 నుంచి 1945 దాకా, ఆ పన్నెండేళ్లలో కెనడా తీసుకున్న యూదు శరణార్థులు ఎంతమందో తెలుసా? దాదాపు 5,000. అంతే. 1939లో సెయింట్ లూయిస్ అనే ఓడ 900 పైచిలుకు మంది యూదు శరణార్థులతో తిరిగి తిరిగి ఐరోపాకే వెళ్లిపోయింది. అప్పటికి జేకబ్స్ లేడు. ఆ ఓడ విషయంలో కెనడా క్షమాపణ చెప్పింది 2018లో.

ఓటేసి గెలిపించుకున్న మనిషి గెలిచిన పార్టీలోనే ఉన్నా మన గోడు వినిపించకపోవచ్చు. కార్టియే ఓటర్లు ఆ సంగతి చూశారు. తర్వాత వాళ్లు చేసింది అర్థం కావాలంటే ఇది తెలిసుండాలి.

జేకబ్స్ తర్వాత పీటర్ బెర్కోవిచ్. ఈయన అప్పటికే ఇరవై ఏళ్లకి పైగా కెబెక్ శాసనసభలో ఉన్నవాడు. 1932లో, ఆ శాసనసభలో ఈయన ఒక బిల్లు పెట్టాడు. ఎందుకు? మాంట్రియల్‌లో అప్పుడు ఆడ్రియన్ అర్కాండ్ అనే ఆయన పత్రికలు నడిపేవాడు. వారం వారం యూదుల మీద విషం. ఒక వ్యాపారి కోర్టుకి వెళితే జడ్జి ఏమన్నాడు? రాతలు దారుణంగానే ఉన్నాయి, కానీ ఒక జాతి మొత్తాన్ని అంటే ఆపడానికి నాకు చట్టం లేదు. చూశారా, 1914లో మిగిలిన లోటు మళ్లీ వచ్చి నిలబడింది! ఆ చట్టం చెయ్యాలనే బెర్కోవిచ్ బిల్లు. పత్రికా స్వేచ్ఛ పోతుందని గోల చేశారు, బిల్లు చట్టం కాలేదు. ఆరేళ్ల తర్వాత ఆయన కార్టియే ఎంపీ అయ్యాడు. 1942 డిసెంబరులో చనిపోయాడు.

ఇప్పుడు వస్తుంది ఉపఎన్నిక. పిల్లలు కూడా వినండి, ఇది బాగుంటుంది.

1943 ఆగస్టు 9. యుద్ధం నడుస్తోంది. ఆ ఫిబ్రవరిలోనే స్టాలిన్‌గ్రాడ్ దగ్గర జర్మన్లు లొంగిపోయారు. సోవియట్ యూనియన్ మిత్రదేశం. కార్టియేలో ప్రధానంగా నలుగురు నిలబడ్డారు. లిబరల్ తరఫున లాజరస్ ఫిలిప్స్, పేరున్న లాయరు. సోషలిస్టుల సీసీఎఫ్ తరఫున డేవిడ్ లూయిస్. సెయింట్-అర్బేన్ మీద ఉన్న బేరన్ బింగ్ హైస్కూల్లో చదివి, రోడ్స్ స్కాలర్‌గా ఆక్స్‌ఫర్డ్ వెళ్లొచ్చిన మనిషి, తర్వాత, సీసీఎఫ్ స్థానంలో వచ్చిన ఎన్డీపీ పార్టీకి నాయకుడయ్యాడు. మూడోవాడు పాల్ మాస్సే, బ్లాక్ పాపులేర్, నిర్బంధ సైనిక సేవ వద్దన్న పార్టీ. నాలుగోవాడు ఫ్రెడ్ రోజ్. లుబ్లిన్‌లో 1907లో పుట్టి చిన్నతనంలోనే ఇక్కడికి వచ్చిన ఎలక్ట్రీషియన్. పార్టీ లేబర్-ప్రోగ్రెసివ్. అసలు పేరు కమ్యూనిస్టు పార్టీయే, కానీ 1940లో దాన్ని నిషేధించారు కాబట్టి కొత్త పేరు.

ఇందాక గుర్తుపెట్టుకోమన్నాను కదా, ఫ్రెంచి ఓటర్లు. సంవత్సరం ముందు, 1942లో, నిర్బంధ సైనిక సేవ మీద దేశమంతా ఓటేశారు. కెబెక్‌లో నూటికి డెబ్బై మందికి పైగా వద్దన్నారు. యూదుల ఇళ్లలో మాట వేరు. అక్కడ వాళ్ల అక్కలు, బాబాయిలు పోలండ్‌లో చిక్కుకుని ఉన్నారు. ఒకే వీధి, ఒకే మెట్లు, పైన ఇంటివాళ్లకి ఒక భయం, కింద ఇంటివాళ్లకి ఒక భయం. ఫ్రెంచి ఓట్లు ఎక్కువగా మాస్సే వైపు. యూదు ఓట్లు మిగతా ముగ్గురికీ చీలాయి.

రోజ్ గెలిచాడు. ఎంత తేడాతో? మాస్సే మీద దాదాపు 150 ఓట్లు. నూటయాభై! లిబరల్ మూడో స్థానం, లూయిస్ నాలుగు. అదే రోజు దేశంలో నాలుగు ఉపఎన్నికలు జరిగితే లిబరల్ పార్టీ నాలుగూ ఓడిపోయింది.

ఇలాంటి గెలుపు ఒక్క గాలితో రాదు. 1937లో బట్టలు కుట్టే ఆడవాళ్లు, దాదాపు 5,000 మంది, సమ్మె చేశారు. యూదు అమ్మాయిలూ ఫ్రెంచి అమ్మాయిలూ కలిసి చేశారు. వాళ్ల మధ్య తిరిగినావిడ లియా రోబాక్. ఆమెకి యిద్దిష్, ఫ్రెంచి, ఇంగ్లీషు మూడూ వచ్చు. ఒక మెట్టు మీద ఒక భాష, ఇంకో మెట్టు మీద ఇంకో భాష. ఫ్రెడ్ రోజ్ ఎన్నికల పనిలో కూడా ఆమె ఉంది. ఇంకో మాట, ఆ మిషన్ల మీద కూర్చున్న ఆడవాళ్లకి ఒట్టావా ఎన్నికల్లో, అంటే దేశ పార్లమెంటు ఎన్నికల్లో, ఓటు 1918 నుంచి ఉంది. కెబెక్ శాసనసభకి ఓటు ఎప్పుడొచ్చిందో తెలుసా? 1940లో. అంటే ఇరవై రెండేళ్లపాటు వాళ్ల చేతిలో ఉన్న ఓటు ఇలాంటి ఫెడరల్ సీటుకి మాత్రమే.

1945 ఎన్నికల్లో రోజ్ మళ్లీ గెలిచాడు. కమ్యూనిస్టు పార్టీ అభ్యర్థిగా బాహాటంగా నిలబడి కెనడా పార్లమెంటుకు గెలిచిన ఎంపీ ఆయనొక్కడే.

తర్వాత సంగతి మీలో చాలామందికి తెలుసు. 1945 సెప్టెంబరు 5 రాత్రి ఒట్టావాలో సోవియట్ ఎంబసీలో రహస్య లిపి గుమాస్తా ఇగోర్ గౌజెంకో 109 కాగితాలు పట్టుకుని బయటికొచ్చాడు. ఆ కాగితాల్లో మారుపేర్లు. డెబూజ్ అనే పేరు ఫ్రెడ్ రోజ్‌ది అన్నారు. 1946 మార్చి 14న అరెస్టు. ఆర్డీఎక్స్ పేలుడు పదార్థం గురించిన సమాచారం సోవియట్ వాళ్లకి చేర్చడంలో భాగస్వామి అని కేసు. నేరం రుజువైందని కోర్టు ఆరేళ్లు వేసింది. 1947 జనవరి 30న పార్లమెంటు ఆయన సీటు ఖాళీ అయిందని తీర్మానించింది.

దీని మీద నా మాట సూటిగా చెప్తాను. చేసింది తప్పే. ఓటర్లు పంపింది వాళ్ల గొంతు వినిపించమని, ఎంబసీకి కబుర్లు మొయ్యమని కాదు. అదే గొంతుతో ఇంకో మాట కూడా చెప్తాను. ఆ కేసులో మొదట పట్టుకున్న వాళ్లని రహస్య ఉత్తర్వు మీద తీసుకెళ్లి, లాయర్ని కలవనివ్వకుండా, వారాల తరబడి బ్యారక్‌లో ఉంచి ప్రశ్నలడిగారు. వాళ్లలో కొందరిని తర్వాత కోర్టులు నిర్దోషులన్నాయి. అది కూడా తప్పే. రోజ్ 1951లో జైలు నుంచి వచ్చాడు, ఇక్కడ బతకలేక వెళ్లిపోయాడు, పోలండ్ చేరాడు. 1957లో పౌరసత్వం తీసేశారు. 1983లో వార్సాలో చనిపోయాడు.

ఆ 1947 మనకి కూడా ముఖ్యం. మన స్వతంత్రం సంగతి సరే. ఇంకోటి. బ్రిటిష్ కొలంబియాలో భారతీయులకి 1907లో తీసేసిన ఓటు తిరిగొచ్చింది 1947లోనే. అక్కడి జాబితాలో లేకపోతే ఒట్టావా ఎన్నికల్లో కూడా ఓటు లేదు. కార్టియేలో యూదు టైలరు ఓటేస్తుంటే, వాంకూవర్‌లో కర్రమిల్లులో పనిచేసే పంజాబీకి నలభై ఏళ్లు ఓటు లేదు. ఒకే దేశం.

రోజ్ పోయాక 1947 మార్చిలో ఉపఎన్నిక. లిబరల్ మారిస్ హార్ట్ గెలిచాడు. మూడేళ్లకి ఆయన చనిపోతే లియోన్ క్రెస్టోల్ వచ్చాడు, 1963 దాకా ఉన్నాడు. వీళ్లని తొందరగా దాటేస్తున్నాను, ఎందుకంటే చివరి మనిషి దగ్గరికి వెళ్లాలి.

చివరి మనిషి మిల్టన్ క్లైన్. 1963లో గెలిచాడు. ఆ రోజుల్లో టొరంటోలో, మాంట్రియల్‌లో మళ్లీ నాజీ కరపత్రాలు పోస్టులో ఇళ్లకొస్తున్నాయి. ఆలోచించండి, నాజీల మృత్యు శిబిరం ఆష్విట్జ్ నుంచి బతికి బయటపడి, చేతి మీద నంబరుతో ఇక్కడికొచ్చి, బట్టలు కుట్టుకుని బతుకుతున్న మనిషి ఇంటికి పోస్టుమాన్ ఆ కాగితం తెచ్చి ఇస్తున్నాడు. 1964లో క్లైన్ పార్లమెంటులో ఒక ప్రైవేటు బిల్లు, అంటే ప్రభుత్వం కాకుండా ఎంపీ సొంతంగా పెట్టే బిల్లు, పెట్టాడు, సి-21, జాతి నిర్మూలన గురించి. ప్రైవేటు బిల్లులకి ఏమవుతుందో తెలుసు కదా, ఇక్కడైనా అక్కడైనా. కానీ ఈ బిల్లు ఊరికే పోలేదు. దాని ఒత్తిడితో ప్రభుత్వం 1965లో ఒక కమిటీ వేసింది. మెక్‌గిల్ యూనివర్సిటీ లా డీన్ మాక్స్‌వెల్ కోహెన్ అధ్యక్షుడు. సభ్యుల్లో ఒకాయన పియెర్ ట్రూడో, తర్వాత ప్రధాని అయ్యాడు, అప్పటికింకా ఎంపీ కూడా కాదు. ఆ కమిటీ చెప్పిన దాని మీద 1970లో క్రిమినల్ కోడ్‌ని మార్చారు. ఒక జాతిని చంపమని చెప్పడం, ఒక జనం మీద ద్వేషం రెచ్చగొట్టడం నేరమైంది. పేరు పెట్టి ఒకణ్ణి తిట్టక్కర్లేదు. మొత్తం జనాన్ని అన్నా నేరమే.

1910లో కెబెక్ సిటీ కోర్టులో జేకబ్స్ అడిగిన ప్రశ్న అదే కదండీ! 1932లో బెర్కోవిచ్ బిల్లు అదే కదండీ! 1964లో క్లైన్ బిల్లు అదే! ముగ్గురూ ఒకే సీటు నుంచి. అరవై ఏళ్లు, ముగ్గురు వకీళ్లు, ఒక నియోజకవర్గం. ఆ చట్టం మీద వాదాలు ఉన్నాయి, ఉండాలి కూడా. భావస్వేచ్ఛకి దెబ్బ అని సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1990లో నలుగురు జడ్జీలు ఉండాలన్నారు, ముగ్గురు వద్దన్నారు, నిలబడింది. రేపు ఎవరైనా మన గుడి గోడ మీద, పక్కవాళ్ల మసీదు గోడ మీద రాసినా, బజారులో నిలబడి వీళ్లందర్నీ తరమండి అన్నా, పోలీసుల దగ్గరికి వెళ్లినప్పుడు తెరిచే పుస్తకంలో ఆ సెక్షన్లు కూడా ఉంటాయి. వాటికి మూలం మెయిన్ వీధిలో ఉంది.

మరి ఆ చట్టం వచ్చేనాటికి నియోజకవర్గం ఏది? లేదు. 1970కి కార్టియేనే లేదు.

ఎలా పోయింది? కుట్ర ఏమీ లేదు. యుద్ధం తర్వాత యూదు కుటుంబాలకి నాలుగు డబ్బులొచ్చాయి, స్నోడన్‌కి, కోట్-సెయింట్-లూక్‌కి వెళ్లిపోయారు. వాళ్లు ఖాళీ చేసిన ఇళ్లలోకి గ్రీకులు, పోర్చుగీసువాళ్లు వచ్చారు. నగరం మధ్యలో జనం తగ్గారు, శివార్లలో పెరిగారు. అప్పటిదాకా ఈ దేశంలో నియోజకవర్గాల హద్దులు గీసింది ఎవరు? ఎంపీలే. తమ సీట్లకి తామే గీతలు గీసుకునేవారు. మన దేశం 1952లోనే డీలిమిటేషన్ కమిషన్‌కి చట్టం చేసింది. కెనడా స్వతంత్ర కమిషన్లు పెట్టింది 1964 చట్టంతో. ఆ కమిషన్లు గీసిన మొదటి పటం 1966ది. అందులో కెబెక్‌కి 75 సీట్లు 74 అయ్యాయి, కార్టియే పోయింది. దాని వీధులు చుట్టుపక్కల సీట్లలోకి వెళ్లాయి. న్యాయంగా గీసిన మొదటి పటమే దాన్ని తీసేసింది. లెక్క ప్రకారం సరైనదే. నాకు మాత్రం మనసుకి కష్టంగానే ఉంటుంది.

మన పార్క్ ఎక్స్‌టెన్షన్ వాళ్లు చాలామంది ఉన్నారిక్కడ. మీ నియోజకవర్గం పేరేమిటి? పాపినో, కరెక్టు. మీలో చాలామంది పదేళ్లలో ఇల్లు కొనుక్కుని లావల్‌కో బ్రోసార్డ్‌కో వెళ్లిపోతారు, ఇప్పటికే వెళ్లిపోయినవాళ్లూ ఇక్కడున్నారు. ఆ ఇళ్లలోకి వేరేవాళ్లొస్తారు.

సమయం అయిపోయిందని చూపిస్తున్నారు. ఒక్క నిమిషం. వచ్చే ఆదివారం వాన లేకపోతే పదకొండింటికి సెయింట్-లారెంట్ మెట్రో దగ్గర కలుద్దాం. అక్కడి నుంచి 55 నంబరు బస్సు మెయిన్ మీదే ఉత్తరానికి వెళ్తుంది. కానీ మనం నడుద్దాం, మోకాళ్లు నొప్పులున్నవాళ్లు బస్సెక్కండి, దారిలో కలుస్తాం. పాత బట్టల ఫ్యాక్టరీ భవనాలు చూపిస్తాను, ఒకప్పుడు బేరన్ బింగ్ స్కూలున్న భవనం చూపిస్తాను, అక్కడి నుంచి పడమటికి తిరిగి పార్క్ అవెన్యూ మీదికి వెళదాం. డప్పులు మొదలయ్యే వేళకి కార్టియే స్మారకం దగ్గర ఉంటాం. పులిహోర నేను తెస్తాను. మంచినీళ్లు మాత్రం ఎవరివి వాళ్లు తెచ్చుకోండి.